నోరిప్పితే యాస బయటపడిపోతంది, ఏటి చెయ్యాలక్కా?

ప్లేస్‌మెంట్లు మొదలయ్యే టైమ్ కదా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకటే గోల. మాట్లాడ్డం రాదక్కా, కమ్యూనికేషన్ స్కిల్స్ లేవక్కా, ఇంగ్లీషు రాదక్కా. ఈ మూడూ ఒకటే అనుకుంటన్నారు మనోళ్ళు, అక్కడే వచ్చింది తంటా అంతా. నాలుగు ఉత్తరాలు తీసాను, పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊళ్ళ పేర్లే ఉంటాయి.

ప్రశ్న: అక్కా, మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. బీటెక్ థర్డ్ ఇయర్. టెన్త్ దాకా తెలుగు మీడియమే. సబ్జెక్ట్ బానే వచ్చు, బ్యాక్‌లాగ్‌లు లేవు. మొన్న కాలేజీలో ప్రాక్టీసుకని మాక్ జీడీ, అంటే గ్రూప్ డిస్కషన్, పెట్టారు, పది మందిమి, పావుగంట టైమ్, నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. వైజాగ్ నుంచి వచ్చినోళ్ళు ఇంగ్లీషులో దంచేస్తంటే నా నోరు ఎండిపోయింది. పోనీ హాస్టల్లో తెలుగులో మాట్లాడదామంటే ‘ఏటి’ అన్నానంటే చాలు రూమ్ రూమంతా రిపీట్ చేసి నవ్వుతారు. ముందు యాస మార్చుకుంటే ఇంగ్లీషు కూడా సెట్ అవుతుందా?

జవాబు: తమ్ముడూ, ముందు యాస సంగతి తేల్చీద్దాం. గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగం పక్కనే కదా, మీకు ఎంతో దూరం కూడా కాదు. 1863లో పుట్టిన ఆ మనిషి, పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగే ఉండాలని పెద్ద పెద్ద పండితులతో కొట్లాడాడు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం అని కాలేజీల్లో బ్యానర్ కడతన్నారు. ఆ బ్యానర్ కట్టిన చేతులే నీ ‘ఏటి’ విని నవ్వుతున్నాయంటే అది వాళ్ళు ఆలోచించుకోవలసిన విషయం. నువ్వు మార్చుకోనక్కర్లేదు. కావాలంటే ఇంటర్వ్యూలో ‘ఏటి’ బదులు ‘ఏంటండి’ అను, అంతే, షర్ట్ మార్చుకున్నట్టు, చర్మం మార్చుకోనక్కర్లేదు.

యాసకీ ఇంగ్లీషుకీ ఏ సంబంధం లేదు. వైజాగ్ కుర్రాడూ బస్‌ని ‘బస్సు’ అనే అంటాడు, హైదరాబాద్ కుర్రాడూ జీరోని ‘జ’తోనే పలుకుతాడు, తెలుగువాడి నోటికి ఆ అలవాటు ఉంది, వినేవాడికి దానివల్ల పెద్ద ఇబ్బంది కూడా లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే రెండు చోట్ల. ఒకటి స్పీడు, భయమేస్తే మనం బేగి బేగి చెప్పీసి ఊపిరి పీల్చుకుందామని చూస్తాం, అప్పుడు మాటలన్నీ ముద్దయిపోతాయి. రెండోది ఒత్తు. తెలుగులో మాటలోని అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లీషులో అలగ కాదు, ఒక్క చోట బరువు పడుతుంది. ఫొటోగ్రాఫ్‌లో మొదట్లో పడుతుంది, ఫొటోగ్రఫీకి వచ్చేసరికి ‘టా’ మీదకి జరిగిపోతుంది. ఈ ఒత్తు తప్పితేనే అవతలోడు ‘సారీ?’ అంటాడు. ఏదన్నా కొత్త మాట వస్తే ఫోన్లో డిక్షనరీ తీసి స్పీకర్ బొమ్మ నొక్కి ఒకసారి విను, మీనింగ్ ఒక్కటే చూసి వదిలీకు.

ఇప్పుడు జీడీ. లెక్క వేసుకో, పది మంది, పదిహేను నిమిషాలు, సమానంగా పంచినా మనిషికి నిమిషంన్నరే వస్తుంది. అంటే నువ్వు చెయ్యాల్సిందల్లా నలభై సెకన్ల చొప్పున రెండుసార్లు మాట్లాడ్డం. నువ్వేమో పావుగంట ఉపన్యాసం ఇవ్వాలేమో అనుకుని బిగుసుకుపోయావు. మొదట మాట్లాడినోడికే మార్కులు అని ఎవడో పుట్టించాడు గానీ, మొదట మాట్లాడి తప్పు దారిలో లాక్కెళ్ళినోడికి ఏమీ రాదు. రెండోవాడిగానో మూడోవాడిగానో దూరు, అదీ ముందు మాట్లాడినోడి మాట పట్టుకుని దూరు. ఆన్‌లైన్ క్లాసులు మంచివా కాదా అని టాపిక్ ఇచ్చారనుకో, ఒకడు ఖర్చు తగ్గుతుంది అన్నాడు, నువ్వు ఇలగ అందుకోవచ్చు: ‘ఐ అగ్రీ అబౌట్ ది కాస్ట్, బట్ ఇన్ మై విలేజ్ ది సిగ్నల్ డ్రాప్స్ వెన్ ది పవర్ గోస్, సో హాఫ్ ది క్లాస్ ఈజ్ లాస్ట్.’ చూసావా, అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు, అక్కడున్న తొమ్మిది మందిలో ఎవడి దగ్గరా లేని విషయం మాత్రం ఉంది. ఇంకోటి, ఎవరో ఒక అమ్మాయి రెండుసార్లు నోరు తెరిచి ఛాన్స్ దొరక్క ఆగిపోయిందనుకో, ‘షి వాంటెడ్ టు సే సంథింగ్’ అని దారి ఇవ్వు, అక్కడ కూర్చుని చూసేవాళ్ళు అది కచ్చితంగా గమనిస్తారు.

నీకు మాట్లాడ్డం రాదనడం కూడా నేను ఒప్పుకోను. బస్సులో కండక్టర్ చిల్లర తర్వాత ఇస్తానని దాటేస్తే ఏం చేస్తావు? ఎక్కడెక్కావో, ఎంత ఇచ్చావో, ఎంత రావాలో, దిగే స్టాపు ఎంత దగ్గర్లో ఉందో, అన్నీ వరసలో చెప్పి మరీ రాబట్టుకుంటావు. పాయింటు ముందు, కారణం తర్వాత, అవతలోడి మొహం చూస్తా గొంతు పెంచడం తగ్గించడం. ఆ విద్య నీ దగ్గర ఉంది, తెలుగులో ఉంది. దాన్నే ఇంగ్లీషులోకి మోసుకెళ్ళాలి.

ఎలగ అంటే, రోజూ రాత్రి పేపర్లో ఒక వార్త తీసుకుని రూమ్మేట్‌కి తెలుగులో రెండు నిమిషాలు చెప్పు, వాడికి అర్థమైందో లేదో ఒక ప్రశ్న అడిగి చూడు. తర్వాత అదే వార్త ఇంగ్లీషులో చెప్పి ఫోన్లో రికార్డ్ చేసుకో. మొదటిసారి విన్నప్పుడు ఛీ ఇదేం గొంతు అనిపిస్తుంది, అందరికీ అంతే, మన గొంతు మనకి లోపల ఎముకల గుండా కూడా వినబడుతుంది కాబట్టి గంభీరంగా ఉంటుంది, రికార్డింగ్‌లో అది పోయి పల్చగా వినిపిస్తుంది. దాన్ని పట్టించుకోకు. ఎన్నిసార్లు ‘యాక్చువల్లీ’ అన్నావో లెక్కపెట్టు చాలు. మాట దొరకనప్పుడు యాక్చువల్లీ, బేసికల్లీ అని పూడ్చకుండా నోరు మూసుకుని ఒక్క సెకను ఆగడం ప్రాక్టీస్ చెయ్యి, నీకు అది యుగంలా ఉంటుంది గానీ వినేవాడికి తెలియను కూడా తెలీదు.

నోరు ఎండిపోడం, గుండె దడ, ఇవి జబ్బు కాదు, ఒంట్లో అడ్రినలిన్ చేసే పని. ముందు ఓ గుక్క నీళ్ళు తాగి, ఊపిరి పీల్చిన దానికంటే వదలడం నెమ్మదిగా చెయ్యి, నాలుగైదు సార్లు. మొత్తం పోదు, మాట్లాడగలిగేంత తగ్గుతుంది.

ప్రశ్న: అక్కా, మాది పలాస. శ్రీకాకుళంలో డిగ్రీ ఫైనలియర్, హాస్టల్. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటే నాకు చెప్పుకోడానికి ఏమీ లేదు. అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికెళ్తుంది, నాన్న లేరు. సెలవుల్లో నేనూ వెళ్తాను. ఇవి చెప్పుకోలేను కదా. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి మాత్రం ఒకసారి వెళ్ళాను, అక్కడ వంట సామాన్ల లెక్క చూసాను, అంతే.

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చెప్పుకోడానికి ఏమీ లేదంటూనే నాకు తెలిసిన చాలామంది కంటే ఎక్కువ రాసావు.

ముందు జీడిపప్పు. నువ్వు సెలవుల్లో చేసిన పని నాకు తెలీదనుకుని చెప్పు. పిక్కల్ని ముందు ఆవిరి మీద ఉడకబెడతారు, ఎందుకు? పెంకు మెత్తబడితే పప్పు విరక్కుండా వస్తుంది. పెంకులో ఉండే నూనె చేతికి తగిలితే చర్మం కాలిపోతుంది, అందుకే ఒలిచేవాళ్ళ వేళ్ళు అలగ నల్లబడి ఉంటాయి. తర్వాత వేడి మీద ఆరబెట్టి పైన ఎర్ర పొట్టు తీస్తారు, ఆ తర్వాత సైజులు. డబ్ల్యూ 180, 240, 320 అంటారు కదా, ఊళ్ళో అందరి నోటా ఉండే మాటలే గానీ బయటవాడికి అదేదో కోడ్‌లా ఉంటుంది. పౌనుకి, అంటే మన 454 గ్రాములకి, ఎన్ని గింజలు తూగుతాయో ఆ నంబరు, అందుకే నంబరు చిన్నదయ్యే కొద్దీ పప్పు పెద్దది, రేటు ఎక్కువ. ఈ ఒక్క ముక్క ఇంటర్వ్యూలో అర్థమయ్యేలా చెప్పావంటే అవతలాయన వాచీ చూడడు, నేను హామీ. నాలుగు వందల మంది దగ్గర ‘మై హాబీస్ ఆర్ లిజనింగ్ టు మ్యూజిక్’ విన్న చెవులకి అది ఎంత హాయో నీకు తెలీదు.

ఇంగ్లీషులో ఎలగ పెట్టాలంటే చిన్న చిన్న వాక్యాలు: ‘ఐ యామ్ ఫ్రమ్ పలాస. మై మదర్ వర్క్స్ ఇన్ ఎ క్యాష్యూ యూనిట్. ఇన్ హాలిడేస్ ఐ వర్క్ విత్ హర్. ఐ కెన్ టెల్ ది గ్రేడ్ ఆఫ్ ఎ నట్ బై లుకింగ్ ఎట్ ఇట్.’ ఆఖరి వాక్యం నిజమైతేనే చెప్పు, ఎందుకంటే టేబుల్ మీద డ్రైఫ్రూట్స్ ప్లేటు ఉంటే చూపించమంటారు మరి! ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలెట్టకు, ‘ఐ యామ్ ఫలానా’ చాలు. ‘ఐ యామ్ హ్యావింగ్ వన్ బ్రదర్’ కాదు, ‘ఐ హ్యావ్ వన్ బ్రదర్’. ఈ రెండూ దిద్దుకుంటే సగం శుభ్రం అయినట్టే. మొత్తం నిమిషం, నిమిషంన్నర దాటనివ్వకు. రెజ్యూమెలో ఉన్న మార్కులన్నీ మళ్ళీ అప్పజెప్పకు, ఆ కాగితం ఆయన చేతిలోనే ఉంది.

అమ్మ పని చెప్పడం నీకు ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, అది నీ ఇష్టం, ఎవడూ బలవంతం చెయ్యడు. సిగ్గుపడి మాత్రం దాచకు.

ఇంక ఆ క్యాంపు. వంట సామాన్ల లెక్క ‘అంతే’ ఎలా అయిందమ్మా? యాభై మందికి ఏడు రోజులు వండి పెట్టడమంటే మన పెళ్ళిళ్ళలో దానికి పెద్ద మనిషిని పెడతారు. ఇంటర్వ్యూల్లో ‘ఏదన్నా సమస్య వస్తే ఎలా ఎదుర్కొన్నావ్’ అని అడుగుతారు చూడు, దానికి స్టార్ అని ఒక పద్ధతి చెప్తారు, అప్పటి పరిస్థితి ఏంటి, నీ మీద పడిన బాధ్యత ఏంటి, నువ్వేం చేసావ్, చివరికి ఏమైంది, ఈ నాలుగూ ఆ వరసలో. మూడో రోజుకే బియ్యం తగ్గిపోయాయో, కూరగాయలు కుళ్ళిపోయాయో, ఏదో ఒకటి అయ్యే ఉంటుంది, గుర్తు తెచ్చుకో. అందరూ ఎక్కడ తప్పుతారంటే పరిస్థితి గురించే రెండు నిమిషాలు చెప్పి, తాము చేసిన దగ్గరకి వచ్చేసరికి ‘మేమందరం కలిసి మేనేజ్ చేసాం’ అని ముగించేస్తారు. అడిగేది నిన్ను. నువ్వేం చేసావో చెప్పు, దుకాణానికి నువ్వెళ్ళావా, మెనూ నువ్వు మార్చావా, ఎవరితో మాట్లాడావు. ‘వి’ కాదు, ‘ఐ’.

దీన్ని మొదట నీ రూమ్‌లో అమ్మాయిలకి తెలుగులో చెప్పు. వాళ్ళు మధ్యలో ‘మరి అప్పుడేం చేసావే?’ అని అడిగారంటే కథ నిలబడినట్టు.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్కారం. మాది చీపురుపల్లి. మా వాడు డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాడు. స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పించమని మా బావమరిది అంటున్నాడు, ముప్పై రోజుల్లో గ్యారంటీ అట. క్లర్కుకి ఇంటర్వ్యూయే లేదు కదా, డబ్బులు దండగ అని వాడంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: బాబాయ్ గారూ, ఇద్దరిదీ సగం సగం కరెక్టే. ప్రభుత్వ బ్యాంకులకి పరీక్ష పెట్టే ఐబీపీఎస్‌లో క్లర్కు పోస్టులకి ఇంటర్వ్యూ లేదు, నిజమే. పీవో, అంటే ప్రొబేషనరీ ఆఫీసర్ పరీక్ష, రాస్తే మాత్రం ఉంది, 100 మార్కులకి, ఫైనల్ లెక్కలో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వంతు. క్లర్కుతో మొదలెట్టినోడు పీవో కూడా రాయకుండా ఉంటాడా?

ఇంటర్వ్యూ లేనంత మాత్రాన మాటతో పని లేదనుకోడం మీ వాడి పొరపాటు. రేపు కౌంటర్‌లో కూర్చుంటాడు. పింఛను కోసం వచ్చిన మామ్మ పాస్‌బుక్ తోసి ‘నా డబ్బులు పడ్డాయేటి బాబూ’ అంటుంది. ‘కేవైసీ అప్‌డేట్ అవ్వలేదు, అకౌంట్ ఇనాపరేటివ్’ అని చెప్తే ఆవిడకి ఏం అర్థమవుతుంది? తన డబ్బు ఎవరో తినేసారనుకుని గుమ్మం దగ్గర కూర్చుని ఏడుస్తుంది. ‘డబ్బులెక్కడికీ పోలేదు మామ్మా, నీ ఆధార్ కార్డు జిరాక్సు ఒకటి తెచ్చి ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి, మళ్ళీ తీసుకోవచ్చు’ అనడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. అక్కడ పనికొచ్చే కమ్యూనికేషన్ అదే, అదీ నేర్చుకోవాలి.

కోచింగ్ సంగతి, గ్యారంటీ అన్నవాళ్ళ దగ్గర నేనైతే ఒకటే అడుగుతాను: బ్యాచ్‌కి ఎంత మంది? గంట క్లాసు, నలభై మంది ఉన్నారంటే సారు అసలు నోరెత్తకపోయినా మీ వాడికి వచ్చేది నిమిషంన్నర. మిగతా యాభై ఎనిమిదిన్నర నిమిషాలు గ్రామర్ పుస్తకంలో దొరుకుతుంది. పది పన్నెండు మంది ఉండి, రోజూ ప్రతి ఒక్కరి చేతా మాట్లాడించి తప్పులు దిద్దే చోటు ఉంటే చేర్చండి. ఒక రోజు డెమోకి కూర్చోబెట్టండి, సారు ఎంత బాగా మాట్లాడుతున్నాడో కాదు, పిల్లలు ఎంత సేపు మాట్లాడుతున్నారో చూడమనండి.

ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. చుట్టాలొచ్చినప్పుడు ‘ఏదీ, ఇంగ్లీషులో మాట్లాడి చూపించరా’ అని మాత్రం అనకండి. చాలామందికి భయం పుట్టింది ఇంటర్వ్యూ రూమ్‌లో కాదు, మన ముందు గదుల్లోనే.

ప్రశ్న: అక్కా, మాది గజపతినగరం, ఇప్పుడు బెంగళూర్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్, చేరి ఏడు నెలలు. పని బానే చేస్తాను కానీ కాల్స్‌లో మాట్లాడను, అర్థం కాకపోయినా ‘ఓకే, ఓకే’ అనేస్తాను. పోయిన వారం ఒక దాంట్లో ఇరుక్కుపోయి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, డెడ్‌లైన్ దాటిపోయింది. మేనేజర్ ‘యు షుడ్ కమ్యూనికేట్’ అన్నారు. ఏం కమ్యూనికేట్ చెయ్యాలో నాకు అర్థం కాలేదు.

జవాబు: ఆ ‘ఓకే, ఓకే’ నాకు బాగా తెలుసు. నా మొదటి ఇంటర్వ్యూలో ఆయన ‘ఆర్ యూ రెడీ టు రీలొకేట్?’ అన్నాడు. ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు, మళ్ళీ అడగడానికి నామోషీ, ఏదో రిలేటివ్స్ గురించి అనుకుని ‘నో సర్, ఆల్ మై రిలేటివ్స్ ఆర్ ఇన్ బొబ్బిలి ఓన్లీ’ అన్నాను. ఆయన కాసేపు నా వైపు చూసి ‘ఓకే’ అని రాసుకున్నాడు. ఊరు దాటి రానంటోంది అని రాసుకున్నాడని నాకు విజయనగరం బస్సు దిగాక గానీ వెలగలేదు. ‘సారీ సర్, కుడ్ యు ప్లీజ్ రిపీట్?’ అని ఒక్క ముక్క అని ఉంటే సరిపోను.

కాల్‌లో వినబడకపోతే వినబడలేదను, అర్థం కాకపోతే అర్థమైనంత తిరిగి చెప్పి అడుగు: ‘సో ఐ టెస్ట్ ది లాగిన్ పేజ్ ఫస్ట్, పేమెంట్ ఈజ్ నెక్స్ట్ వీక్, ఈజ్ దట్ రైట్?’ తప్పైతే అక్కడికక్కడే దిద్దుతారు, రైటైతే నువ్వు శ్రద్ధగా విన్నావని వాళ్ళకి తెలుస్తుంది. ఆడియో తెగిపోతోందని అందరికీ తెలిసిందే, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మాట్లాడ్డానికి మొహమాటమైతే కాల్ అయిపోగానే అవే రెండు లైన్లు చాట్‌లో పెట్టు.

మేనేజర్ అడుగుతున్నది నీ ఇంగ్లీషు కాదు, ముందుగా తెలియడం. ఊరెళ్తుంటే నీకు బస్సు మిస్సయితే ఏం చేస్తావు, ఇంటికి అర్ధరాత్రి చేరాక చెప్తావా, మిస్సయిన వెంటనే నాన్నకి ఫోన్ చేసి ‘తర్వాత బస్సుకి వస్తన్నాను, పదకొండవుతుంది, అన్నం ఉంచమను’ అంటావు. అంతే ఇది. ఏమైంది, ఇప్పటిదాకా ఏం చేసాను, ఏం కావాలి, ఎప్పటికవుతుంది.

మెయిల్ అయితే ఇలగ. సబ్జెక్ట్ లైన్‌లో ‘రిగార్డింగ్ ఇష్యూ’ అని పెట్టకు, రోజుకి అలాంటివి ఆయనకి బోలెడొస్తాయి. ‘పేమెంట్ టెస్టింగ్ స్టక్, నీడ్ యాక్సెస్ టుడే’ అని పెట్టు, తెరవకుండానే సంగతి తెలిసిపోవాలి. లోపల: ‘హాయ్, ఐ కుడ్ నాట్ ఫినిష్ ది పేమెంట్ టెస్ట్స్. ది టెస్ట్ సర్వర్ ఈజ్ నాట్ యాక్సెప్టింగ్ మై లాగిన్ సిన్స్ మార్నింగ్. ఐ ట్రైడ్ రీసెటింగ్ ది పాస్‌వర్డ్, ఇట్ డిడ్ నాట్ వర్క్. ప్లీజ్ అరేంజ్ యాక్సెస్. ఇఫ్ ఐ గెట్ ఇట్ బై త్రీ, ఐ విల్ ఫినిష్ బై టుమారో నూన్.’ ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ ఎక్కడా రాలేదు చూడు, ఆ నీడ్‌ఫుల్ ఏంటో రాసాక ఇంక దాంతో పనేముంది?

ఎంత సేపు ఇరుక్కుంటే చెప్పాలి అంటావేమో. నేనైతే గంట, గంటన్నర నా తంటాలు నేను పడి ఆ తర్వాత అడిగేసేదాన్ని. మీ టీమ్‌లో ఎంతసేపు ఆగుతారో పక్కసీటు అమ్మాయిని కనుక్కో, నీలాగే ‘ఓకే, ఓకే’ అనే రకమే అయ్యుంటుంది. సోమవారం కాల్‌లో ఒక్క ప్రశ్న అడుగు, ఒక్కటే, అడిగి ఏమైందో నాకు రాయి.